సగం ట్యాంకు

నాయిన నిద్రపోయాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే తల గోడకు ఆనించి, నోరు కొంచెం తెరిచి, ఒళ్లో రిజిస్టరు మీద రెండు చేతులూ బోర్లించి, రద్దీ బస్సులో సంచి పట్టుకుని కునుకు తీసేవాళ్లలా నిద్రపోయాడు. తెల్లవారుజామున లేచి ఊరికి నీళ్లు వదిలాడు, పదకొండింటికి మోటారు పెట్టి ట్యాంకు మళ్లీ నింపాడు, తిన్నాడో లేదో, జనగామ వచ్చి బస్సెక్కి ఉప్పల్లో దిగి ఇంకో బస్సెక్కి తార్నాక వచ్చాడు. పడుకోనీ, అనుకుంది అమల. తమది పదకొండో టోకెను. లోపల ఏడో నంబరు నడుస్తోంది. ఈ డాక్టరు గారు మనిషికి పావుగంటకు తక్కువ మాట్లాడడు. అంటే గంట. ఈ గంటలో తను ఒకటి తేల్చుకోవాలి. లోపలికి పోగానే ఆయన ముందు రిజిస్టరు అడుగుతాడు. వచ్చేసారి కూడా ఇంతే నిలకడగా ఉంటే రాత్రి మాత్ర సగం చేద్దామమ్మా అని పోయిన నెలే అన్నాడు. ఆ సగం మాత్ర కోసం అమల నెల రోజులుగా కాచుకుని ఉంది. రిజిస్టరులో నాలుగు వందల రోజులకు పైగా అన్నీ అయిదులే ఉన్నాయి. ఆ అయిదుల్లో చాలావరకు అబద్ధం. ఆ సంగతి తనకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

గోడ మీది టీవీలో గొంతు లేకుండా ఎవరో ఆవిడ వంట చేస్తోంది. కాగిన నూనెలో ఏదో వేసింది, పొగ లేచింది, చప్పుడు మాత్రం లేదు. తన పొద్దుటిపూటలు అచ్చం ఇట్లాగే ఉంటాయి కదా అనిపించింది అమలకు. అన్నీ కనబడుతుంటాయి, ఏదీ వినబడదు. రాత్రి గోలి వేసుకున్నాక ఆమెకు నిద్ర రావడం కాదు, నిద్రే వచ్చి మీద పడుతుంది. ఎనిమిదింటికి రూమ్మేటు సింధూజ భుజం పట్టి ఊపితే లేస్తుంది, లేచి బ్రష్షు పట్టుకుని నిలబడుతుంది, అప్పటి నుంచి పన్నెండు దాకా కళ్ల వెనక తడిసిన గోనెపట్టా ఒకటి వేలాడుతూ ఉంటుంది. తొమ్మిదింటి క్లాసులో నోట్సు రాస్తుంది, మధ్యాహ్నం చూసుకుంటే చేతిరాత తనదే, రాసిన గుర్తు ఉండదు. మధ్యాహ్నం క్లాసులు పోను, సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది దాకా, తనకున్న రోజు అంతే. మిగతా పిల్లలు పొద్దునే లేచి క్యాంపస్ రోడ్ల మీద ఉరుకుతారు, వేప చెట్ల కింద పుస్తకాలు పట్టుకుని గట్టిగా చదువుతారు, ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఎండ పడేటప్పుడు ఫోటోలు దిగుతారు. ఆ ఎండ ఏ రంగులో ఉంటుందో అమల వాళ్ల ఫోన్లలోనే చూసింది. మాత్ర సగమైతే ఇంకో మూడు గంటలు చేతికొస్తాయి. ఆ మూడు గంటల్లో ఏం చేస్తావు అంటే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, ఊరికే మేలుకుని ఉంటుంది.

దాహం వేసింది. వేయని గంట ఎప్పుడుంది కనుక. సంచిలోంచి రెండు లీటర్ల సీసా తీసి తాగింది. ఇది ఉప్పు గోలి పని. అది ఒకరకం లవణమే అని డాక్టరు చెప్పినప్పటి నుంచి నాయిన దానికి ఆ పేరు పెట్టాడు. రాత్రిది నిద్ర గోలి. ఉప్పు గోలితో దాహం, దాంతోపాటు వేళ్ల వణుకు. మెస్సులో చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటుంది. వడ్డించే శివమ్మ మొదటి నెలలోనే చూసింది, చూసి ఏమీ అడగకుండా ఆమెకు మాత్రం సగం గ్లాసు పోస్తుంది, అది తాగాక మళ్లీ సగం. అట్లా అడగకుండా ఉండే మనుషులు ఎంత తక్కువ. క్లాసులో వెనక బెంచీ పిల్లలు ఆ సీసా చూసి ట్యాంకరొచ్చింది జరుగుండ్రి అంటారు. కోపం రాదు ఆమెకు. ట్యాంకు నడిపేవాడి బిడ్డనే కదా అనుకుంటుంది.

నాయిన పేరు యోహాను, ఊళ్లో అందరూ నీళ్ల యోహాను అంటారు. పంచాయతీలో వాల్వులు తిప్పే పని. ట్యాంకులో ఎన్ని అడుగుల నీళ్లున్నాయో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రిజిస్టరులో రాసి సంతకం పెట్టాలి, పద్దెనిమిదేళ్లుగా రాస్తున్నాడు. మొదటిసారి ఇక్కడికి తీసుకొచ్చినప్పుడు డాక్టరు సోమయాజులు గారు, మనసు ఎట్లా ఉందో రోజూ ఒకటి నుంచి పది దాకా ఒక అంకె వేసుకోమని చెప్పాడు. అడుగంటిపోతే ఒకటి, పొంగిపోతే పది. నాయినకు ఆ గదిలో అప్పటిదాకా అర్థం కానివన్నీ ఒక్కసారే అర్థమైనట్టు మొహం విప్పారింది. "ట్యాంకు లెక్కనే గద సార్," అన్నాడు. "నిండితే పొంగుతది, ఎండితే మోటరు గాలి గుంజుతది. ఐదు ఉంటే మంచిదన్నట్టు." డాక్టరు నవ్వి, అయిదు దగ్గర ఉంటే మంచిదే అన్నాడు. ఇంటికి పోగానే నాయిన పంచాయతీ సెక్రెటరీని అడిగి వాడని రిజిస్టరు ఒకటి తెచ్చాడు. తేదీ, పొద్దున, సాయంత్రం, రిమార్కులు, సంతకం. రోజూ సాయంత్రం ఏడింటికి ఫోను. ఎంత బిడ్డా? ఐదు నాయినా. సగం ట్యాంకు, మంచిది, అమ్మకిస్తున్న. అమ్మ గొంతు, తిన్నవా. ఈ మాటలు తప్ప తమ ఇంట్లో మాట్లాడుకునే మాటలు ఇంకేమైనా ఉండేవా అని అప్పుడప్పుడు గుర్తు చేసుకోబోతుంది అమల. ఉండేవి. పక్కింటి మేక గురించి గంటసేపు మాట్లాడుకునేవాళ్లు.

మొదట్లో ఆమె నిజమే చెప్పేది. కాలేజీలో చేరిన నాలుగో నెలలో ఒకరోజు సారు ఆమె రాసిన జవాబు క్లాసులో చదివి వినిపించాడు, పేరు చెప్పకుండా చదివాడు, అయినా తనదేనని ఆమెకు తెలిసి చెవులు వేడెక్కాయి, హాస్టలుకు నడుస్తుంటే సంచి బరువే తెలియలేదు. ఆ సాయంత్రం ఆరు నాయినా అంది. తెల్లారి పదింటికల్లా హాస్టలు గేటు దగ్గర వాచ్‌మన్ పక్కన నాయిన నిలబడి ఉన్నాడు, పనిచొక్కా మీదే, చేతిలో వాల్వు తిప్పే పొడుగాటి ఇనుప చావి, అది పట్టుకుని ఇంత దూరం వచ్చానని ఆయనకే తెలియదు. ఊరికి ఆ రోజు నీళ్లు లేవు. నీ బిడ్డకు ఆరైతే మా బిందెలు ఎండాల్నా యోహానూ అని మరుసటి రోజు పోచమ్మ పెద్దమ్మ బజార్లో నిలదీసిందట. ఆ మాట నాయినే నవ్వుతూ చెప్పాడు, అమలకు నవ్వు రాలేదు. తరువాత ఒకసారి నాలుగు అంది. అప్పుడు అమ్మ మూడు రోజులు ఉపవాసం ఉండి ప్రార్థన చేసింది, పాస్టరమ్మ ఫోన్ చేసింది, ఆదివారం చర్చిలో పేరు చదివి అందరూ మోకాళ్ల మీద ఉన్నారు. ఒక్క నాలుగుకు ఊరంతా మోకాళ్ల మీద. అప్పటి నుంచి అమల అయిదు అంటోంది. వాన పడినా అయిదు, జ్వరం వచ్చినా అయిదు, పరీక్ష పోయినా అయిదు. పోయిన నెల మూడు రోజులు మంచం దిగబుద్ధి కాక గోడ మీది పెచ్చును చూస్తూ పడుకుంది, కడుపునొప్పి అని సింధూజకు చెప్పింది, సాయంత్రం ఏడింటికి గొంతు సవరించుకుని కూర్చుని అయిదు అంది. అయిదు అనడానికి ఎంత బలం కావాలో ఆ మూడు రోజులూ తెలిసింది.

నాయిన చెయ్యి రిజిస్టరు మీద నుంచి జారింది. మళ్లీ తనే నిద్రలోనే పైకి తెచ్చి పెట్టుకున్నాడు. ఈయన మీద కోపం తెచ్చుకుందామంటే రాదు. ఈ రిజిస్టరు ఎందుకు మొదలైందో ఆమెకు తెలుసు. ఇంటరు రెండో సంవత్సరం. అంతకుముందు చర్చిలో వెనక చాప మీద కూర్చుని పెదవులు కదిపి పాడేది, గొంతు పక్కదానికి కూడా వినబడేది కాదు. ఒక ఆదివారం లేచి నిలబడింది. మాట్లాడింది. గంటన్నర, ఆగకుండా, ఎవరి కడుపులో ఏ దుఃఖం ఉందో చెబుతూ, వాక్యాలకు వాక్యాలు పొంగుకొస్తుంటే. ఆత్మ దిగింది అన్నారు. తొమ్మిది రోజులు ఇంటి ముందు చెప్పులు గుట్ట పడ్డాయి, పక్క ఊళ్ల నుంచి ఆటోల్లో వచ్చారు, ఆమె నిద్రపోకపోతే జాగరణ ప్రార్థన అనుకున్నారు, తినకపోతే ఉపవాసం అనుకున్నారు. నాయిన కొత్త చొక్కా వేసుకుని గడపలో కూర్చుని వచ్చినవాళ్లను వరసలో పంపాడు. ఏనాడూ ఎవరూ కూర్చోమనని మనిషికి ఆ తొమ్మిది రోజులూ ఊరి పెద్దలు కుర్చీ వేశారు. పదో రోజు ఆమె ఉత్తకాళ్లతో హైవే మీదికి పోయి లారీలకు చేయి అడ్డం పెట్టి ఆపుతుంటే ఇద్దరు డ్రైవర్లు దిగి పట్టుకుని తెచ్చారు. తరువాత నాలుగు నెలలు గోడ వైపు తిరిగి పడుకుంది. మధ్యలో ఒకసారి బాగైపోయాననుకుని తనే గోలీలు ఆపేసింది, ఎవరికీ చెప్పలేదు, పదిహేను రోజుల్లో ఆ గోడ ముందుకే తిరిగి వచ్చింది, ఈసారి గోడ ఇంకా దగ్గరగా ఉంది. ఇక్కడికి వచ్చిన మొదటి రోజు నాయిన డాక్టరుకు చెప్పిన మాట ఆమె ఈ కుర్చీల వరసలోంచే విన్నది. తలుపు సరిగా పడలేదు. "ఇంట్ల ట్యాంకు పొంగుతాంటె సూడనోన్ని, నేనేం వాటర్‌మెన్‌ను సార్." ఆ కొత్త చొక్కా మళ్లీ వేసుకోలేదు ఆయన. అమ్మ దాన్ని బియ్యం డబ్బా తుడవడానికి వాడుతోంది.

ఎవరికీ చెప్పనిది ఇంకొకటి ఉంది. ఆ గంటన్నర గొంతు ఆమెకు ఇప్పటికీ వినబడుతుంది, అది ఎంత బాగుండేదో గుర్తుంది. అది జబ్బు గొంతు అంటారు. అయితే తన గొంతు ఏది? క్లాసులో హాజరు పలికేటప్పుడు రెండుసార్లు పలికితే గాని సారుకు వినబడనిదేనా?

"ఏమీ అనుకోకండి, ఒక పది నిమిషాలు ఇస్తారా?"

అమల ఉలిక్కిపడి చూసింది. కళ్లజోడు అమ్మాయి, చేతిలో అట్ట, అట్టకు కాగితాలు. పేరు ధరణి అని చెప్పింది, యూనివర్సిటీలోనే సైకాలజీలో పరిశోధన చేస్తోందట. జబ్బు తగ్గి నిలకడగా ఉన్నవాళ్ల జీవితం ఎట్లా ఉంటుందన్నది విషయం. జబ్బు ఎలా ఉందని కాదండీ, జీవితం ఎలా ఉందని, అంది గోదావరి యాసలో, ఆ రెండూ వేరని అప్పుడే ఎవరో తనకు చెప్పినట్టు. అమల తల ఊపింది. కాదనడం ఆమెకు చేతకాదు. ప్రశ్న పక్కన అయిదేసి గళ్లు. గత రెండు వారాల్లో మీరు జీవితాన్ని ఎంత ఆస్వాదించారు? మధ్య గడి. మీ రోజువారీ పనులకు తగినంత ఓపిక ఉందా? మధ్య గడి. మీ స్నేహితుల సహకారం మీకు ఎంత తృప్తిగా ఉంది? మధ్య గడి. మీ జీవితానికి అర్థం ఉందని ఎంతవరకు అనిపిస్తుంది? వణికే వేళ్లతో పెన్ను గట్టిగా పట్టి మధ్య గడిలో టిక్కు పెట్టింది, పెట్టిన గుర్తు గడి దాటి కొంచెం పక్కకు పోయింది. మూడు నిమిషాల్లో అయిపోయింది. ధరణి కాగితం తిప్పి చూసి, కోప్పడకుండా, గొంతు తగ్గించి అడిగింది.

"అన్నీ మధ్యలోవే పెట్టారేంటండీ?"

అమల నాయిన వైపు చూసింది.

"దీని మీద పేరుండదండీ. డాక్టరు గారికి చూపించను, మీవాళ్లకీ చూపించను. ఇంకో కాపీ ఇస్తాను. రాయాలనిపిస్తే రాయండి, లేదంటే ఖాళీగా ఇచ్చేయండి." ఇంకో కాగితం ఆమె సంచి మీద పెట్టి, ఆ అమ్మాయి ఎదుటి వరసలోకి వెళ్లింది.

ఎవరూ చూడని కాగితం. అటువంటిది తన చేతికి వచ్చి ఎన్నాళ్లయింది? డైరీ ఉండేది. ఏడో తరగతి నుంచి రాసేది, బడిలో మాట్లాడనివన్నీ అందులో. ఆ తొమ్మిది రోజుల్లో రాసిన పేజీలు నాయిన ఏడుస్తూ డాక్టరు ముందు చదివాడు. తప్పు పట్టలేదు ఎవరూ, బాధలో మనిషి ఏం చేస్తాడు, కానీ ఆ రోజు నుంచి డైరీకి తాళం పడ్డట్టయింది. ఇప్పుడు రోజుకు ఒక లైను. మెస్సులో వంకాయ. వాన. సింధూజ ఊరికి పోయింది. ఆ లైను చివర, మూలన, చీమ తలంత ఒక అంకె. అది నిజం అంకె. చూసుకోకుండా వేస్తుంది, వేసి పేజీ తిప్పేస్తుంది. ఆ డైరీ ఇప్పుడు సంచిలోనే సీసా కింద ఉంది. తెచ్చింది కావాలనేనా? పొద్దున సంచి సర్దుతూ చెయ్యి దానంతట అది పెట్టింది. లేకపోతే తనే పెట్టి చెయ్యి మీదికి తోస్తోందా?

నిన్నటి పేజీలో ఏడు ఉంది. ఏడు. లైబ్రరీ నుంచి వస్తుంటే వాన. గొడుగు ఒకటే, ఇద్దరూ సగం సగం తడుస్తూ, పారే నీళ్లలో చెప్పులు చేత పట్టుకుని. సింధూజ ఎకనామిక్స్ సారును అనుకరించింది, ఆయన డిమాండు అనేటప్పుడు మునివేళ్ల మీద లేవడం, సప్లయి అనేటప్పుడు దిగడం. రోడ్డు మధ్యలో లేచి దిగి లేచి దిగి. అమల నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కూలబడింది, ఎక్కిళ్లు వచ్చాయి, కళ్లలో నీళ్లు, ఆపుదామంటే ఆగలేదు. అప్పుడు చూసింది. సింధూజ నవ్వడం ఆపేసి తననే చూస్తోంది. గొడుగు కొంచెం పైకెత్తి, మొహం కనబడేలా. "అమలా. గోలి ఏసుకున్నవానే రాత్రి?" మంచి పిల్ల సింధూజ. నాయిన ఆమెకు చింతకాయ తొక్కు డబ్బా తెచ్చి ఇచ్చి, ఫోన్ నంబరు ఇచ్చి, కొంచెం సూడు బిడ్డా అని చేతులు పట్టుకున్నాడు. ఆ పిల్ల చూస్తోంది. తప్పేముంది. ఎక్కిళ్లు టక్కున ఆగిపోయాయి. ఏసుకున్న అంది అమల. వాన చప్పుడు మాత్రం మిగిలింది. హాస్టలుకు వచ్చి తల తుడుచుకుంటూ, ఇది ఉత్త నవ్వేనా లేక దాని మొదటి మెట్టా అని తనను తనే తడిమి చూసుకుంది, పుండు మానిందో లేదో నొక్కి చూసుకున్నట్టు. మూలన ఏడు వేసి పదింటికి పడుకుంది. నిద్రపట్టింది. సాయంత్రం ఫోన్లో మాత్రం అయిదు అంది.

ఇందుకే అలసట. నొప్పి లేదు, దుఃఖం లేదు, పైకి చెప్పుకోవడానికి ఏమీ లేదు. రెమిషన్, అంటే జబ్బు అణిగి ఉండడం, అన్నాడు డాక్టరు. నాయిన ఊళ్లో అందరికీ మా బిడ్డ రెమిషన్‌ల ఉన్నది అని చెబితే, అది ఏ డిపార్ట్‌మెంటు, జీతమెంత అని పోచమ్మ పెద్దమ్మ అడిగిందట. పెద్దమ్మ దాన్ని డ్యూటీ అనుకోవడం సబబే. పడుకునేదాకా తన మీద తనే కాపలా కాసే డ్యూటీ. ఈ మేడ కింద పళ్ల డాక్టరు ఉంటాడు. పైకి వచ్చేవాళ్లంతా మెట్ల దారి ఖాళీ అయ్యేదాకా ఆ బోర్డు ముందు నిలబడతారు. ఒకసారి సీనియర్ శ్రావణ్ చూశాడు, ఏంది ఇక్కడున్నవ్ అంటే పన్ను నొప్పి అన్నా అంది. ఆ మనిషి మరిచిపోడు. క్యాంటీన్లో, లైబ్రరీ మెట్ల మీద, ఎక్కడ కనబడినా పన్ను ఎట్లున్నది చెల్లె, పీకిచ్చుకున్నవా అంటాడు. ఎనిమిది నెలలుగా ఆమె పన్ను నొప్పిని కూడా మోస్తోంది. ఈ అబద్ధానికీ అయిదుల అబద్ధానికీ తేడా ఉంది. పన్ను నొప్పి లేకపోయినా ఎవరికీ ఏమీ కాదు. మాత్ర సగమైతే, అది ఈ అయిదులను చూసి సగమైతే, పోయిన నెల మూడు రోజుల గోడ మళ్లీ వస్తే? ఈసారి గోడ ఇంకెంత దగ్గరగా వస్తుంది? కానీ ఆ పొద్దుటి మూడు గంటలు. ఎండ. చేతికి అందేంత దగ్గరగా వచ్చి. చెప్పకపోతే ఏమవుతుంది, చాలామందికి ఏమీ కాదు, తనకూ కాకపోవచ్చు. చెబితే నాయిన మొహం. నాలుగు వందల సంతకాలు.

ఒళ్లోని కాగితం మీద మొదటి ప్రశ్నను మళ్లీ చదివింది. ఎంత ఆస్వాదించారు. నిన్నటి వాన రెండు వారాల్లోపలే ఉంది. నాలుగో గడిలో టిక్కు పెట్టింది. ఓపిక ఉందా. మొదటి గడి, అస్సలు లేదు. పెట్టి, దొంగతనం చేసినట్టు అరచేత్తో ఆ గడిని కప్పుకుంది. అర్థం ఉందా అన్న దగ్గర చాలాసేపు ఆగి, ఖాళీగా వదిలేసింది. ఖాళీగా వదలడం కూడా నిజమే.

"పదకొండు," అంది తలుపు దగ్గరి అమ్మాయి. ఇక్కడ పేర్లు పిలవరు.

నాయిన నిద్రలోంచి నేరుగా నిలబడ్డాడు. ఆ లేవడంలోనే చొక్కా సర్దుకుని, రిజిస్టరు రెండు చేతుల్లోకి తీసుకున్నాడు, చర్చిలో కానుక పళ్లెం పట్టుకున్నట్టు. లోపల ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా డాక్టరు గారు వాటి మీద నున్నటి రాయి పెట్టుకుంటాడు. కూర్చో తల్లీ అన్నాడు. రిజిస్టరు పేజీలు వెనక నుంచి ముందుకు తిప్పాడు, అయిదు అయిదు అయిదు, బాగున్నది బాగున్నది, యోహాను యోహాను యోహాను. భేషుగ్గా ఉందయ్యా అన్నాడు. నాయిన మెడ కొంచెం నిటారు అయింది. డాక్టరు రాయి తీసి చీటీ లాగి పెన్ను మూత తీశాడు. రాత్రి మాత్ర, అన్నాడు. పెన్ను కాగితం మీద ఆనింది.

"సార్," అంది అమల.

రెండోసారి పలకాల్సిన అవసరం రాలేదు.

"ఆ ఐదులు నేను చెప్పినయి సార్. ఉన్నయి కావు."

సంచిలో చెయ్యి పెట్టి సీసా తీసి బల్ల మీద పెట్టి, దాని కింది డైరీ తీసి, మూలలు కనబడేలా తెరిచి ముందుకు జరిపింది. డాక్టరు కళ్లజోడు పైకి తోసుకుని ఆ చీమ తలలను ఒక్కొక్కటే చూశాడు. పోయిన నెల మూడు, మూడు, మూడు, ఆ తరువాత నాలుగు, అయిదు, ఆరు, అయిదు, చివర ఏడు.

"ఏడు నిన్ననా? నిద్ర పోయావా?"

"పోయిన సార్. పదింటికే."

"ఏడు ఎందుకయ్యింది?"

"నవ్విన సార్."

"ఇంకా?"

"అంతే సార్."

ఫ్యాను తిరుగుతోంది. నాయిన రిజిస్టరును తన వైపు లాక్కుని, ఒక పేజీ, ఇంకో పేజీ, అడుగున ఎక్కడ పగిలిందో వెతుకుతున్నట్టు చూస్తున్నాడు. "ఏంది బిడ్డా ఇది," అన్నాడు, తిట్టినట్టు కాదు. తరువాత డాక్టరుతో, "మీరే చెప్పిన్రు గద సార్. ఐదుంటే మంచిదని."

"దగ్గర ఉంటే అన్నాను యోహానూ. నాకు కూడా రోజూ అయిదు ఉండదయ్యా." కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు ఆయన. "నేనన్నా అడగాల్సింది. ఇన్ని అయిదులు చూసి నేను కూడా సంతోషపడి ఊరుకున్నాను." పెన్ను మూత పెట్టేశాడు. ఇప్పుడు తగ్గించలేనమ్మా అన్నాడు అమలతో. ఈ చిన్న అంకెలే తెచ్చి చూపించు, మూడు నెలలు చూద్దాం, అప్పుడు ఆలోచిద్దాం. ఓపిక పట్టగలవా? అమల తల ఊపింది. మూడు గంటల ఎండ అట్లా దూరంగా పోయి మూడు నెలల అవతల కూర్చుంది. ఏడుపు వస్తుందేమోనని చూసుకుంది. రాలేదు. పెద్ద బరువు దించి ఇంకో బరువు ఎత్తుకున్నట్టుంది, అది కొంచెం చిన్నది, అంతే. బయట ధరణికి కాగితం ఇచ్చేసి మెట్లు దిగింది.

రోడ్డు మీద సాయంత్రం అయిదున్నర. మెట్రో స్తంభాల మధ్య నుంచి బస్సులు, ఆటోలు, క్యాంపస్ నుంచి వస్తున్న పిల్లలు. నాయిన క్లినిక్కు నుంచి బస్టాపు దాకా ముందు నడిచాడు. రిజిస్టరు చంకలో ఉంది. బెంచీ మీద కూర్చున్నాక అడిగాడు.

"అన్ని దినాలు నాకోసమే చెప్పినవా?"

"ఆరంటే వాల్వు ఇడ్శిపెట్టి ఉరికొస్తివి గద."

నాయిన ముక్కులోంచి చిన్నగా నవ్వాడు, నవ్వు సగంలో ఆగింది. "చావి గూడ పట్టుకొచ్చిన," అన్నాడు. "పోచమ్మ ఇప్పటిదాంక యాదిజేస్తది." చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని రోడ్డును చూస్తూ కూర్చున్నాడు. ఇంత దగ్గరగా, పగటి వెలుతురులో, ఆయన మొహం చూసి చాలా రోజులైంది అమలకు. కళ్ల కింద సంచులు. గడ్డం ఒక పక్క గీసుకోవడం మరిచిపోయాడు. అయిదు చెబుతూ, అయిదు రాస్తూ, తామిద్దరూ ఒకరినొకరు చూసుకోలేదని అనిపించింది.

"నీకెంత నాయినా?"

"ఏంది?"

"నీ అంకె."

"నాదా?" అన్నాడు. "నాదెవరడిగిన్రు." అని, అడిగింది కదా అని, నిజంగానే ఆలోచించాడు, ట్యాంకు మీదికెక్కి మూత తీసి లోపలికి వంగి చూసే మనిషిలాగా. ఉప్పల్ బస్సు వచ్చింది. లేవలేదు. బస్సు పోయింది.

"మూడు ఉంటది బిడ్డా. ఒక్కొక్కపారి గాలి గుంజుతది."

"ఎప్పటిసంది?"

"నువ్వు లారీలాపిన కాడికెల్లి."

అమల ఆయన చంకలోంచి రిజిస్టరు తీసుకుంది, ఒళ్లో తెరిచింది, ఈ రోజు తేదీ దగ్గర రెండు గడులూ ఖాళీగా ఉన్నాయి. పొద్దున అన్న గడిలో నాలుగు వేసింది, అది తనది. సాయంత్రం అన్న గడిలో మూడు వేసింది. వేళ్లు వణికి రెండు అంకెలూ కొంచెం వంకరపోయాయి. రిమార్కుల గడి వదిలేసి పెన్ను నాయినకు ఇచ్చింది. ఆయన చాలాసేపు ఆ మూడును చూశాడు. తన చేతిరాత కాని అంకె ఆ పుస్తకంలో అది రెండోది. సంతకం పెట్టాడు, రిజిస్టరు మూసి ఆమె సంచిలోకి తోశాడు, నీళ్ల సీసా పక్కకు.

ఇంకో ఉప్పల్ బస్సు వచ్చింది. ఈసారి లేచాడు. మెట్టెక్కి, కమ్మీ పట్టుకుని, వెనక్కి తిరిగాడు. లోపలికి జరుగు పెద్దాయనా అని కండక్టరు అరుస్తున్నాడు.

"ఏడింటికి నువ్వే ఫోన్ జెయ్యి," అన్నాడు నాయిన. "రేపు గూడ అడుగు."